కొనేవారి తరఫున ఏరే చెయ్యి

కూరగాయలు, పండ్లు ఇళ్లకు చేరవేసే వ్యాపారాన్ని కుటుంబమంతా కలిసి నడుపుకుంటున్న పాఠకుల నుంచి కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో పదేపదే కనిపించిన ప్రశ్నలను ఎంచుకుని ఈ సంచికలో జవాబులు రాస్తున్నాను. ఈ శీర్షిక చేపట్టక ముందు నేనూ మా ఇంటివారితో కలిసి చాలా ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి, అక్కడక్కడ మా అనుభవం కూడా చెబుతాను.

ప్రశ్న: మా మామగారు తెల్లవారుజామున వెళ్లి సరుకు కొనుక్కొస్తారు. అత్తగారూ నేనూ ఏరి, తూచి, సంచుల్లో సర్దుతాము. మావారు, మా మరిది ఇళ్లకు అందజేస్తారు. ఆర్డర్లకు కొదవ లేదు. కొన్న ధరకు పావు వంతు కలిపి అమ్ముతున్నాము. అయినా నెల తిరిగేసరికి చేతిలో ఏమీ నిలవడం లేదు. అడిగితే మామగారు ‘సరుకంతా అమ్ముడవుతోంది కదమ్మా’ అంటారు. పొరపాటు ఎక్కడుంది? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ మామగారి మాటలో అబద్ధం లేదు, మీ అనుమానమూ సరైనదే. అమ్ముడైనదానికీ మిగిలినదానికీ మధ్య ఈ వ్యాపారంలో తరుగు అనేది ఒకటి ఉంటుంది. దాన్ని లెక్క పుస్తకంలోకి ఎక్కించనంత కాలం ఎంత అమ్మినా డబ్బు ఎటు పోతోందో అంతుపట్టదు. ఉదాహరణకు మీరు 100 కిలోల సరుకును 100కు కొన్నారనుకోండి. ఏరేటప్పుడు దెబ్బతిన్నవి, కుళ్లినవి 8 కిలోలు పక్కన పెట్టారు. ఆకుకూరల్లోని తేమ ఆరిపోవడం వల్లా, తూచేటప్పుడు ముల్లు కాస్త మొగ్గేలా వేయడం వల్లా మరో 4 కిలోలు తగ్గాయి. మీరు డబ్బు తీసుకున్నది 88 కిలోలకే. కిలోకు పావు వంతు కలిపి అమ్మితే చేతికి వచ్చేది 110. అంటే 25 మిగులుతుందనుకున్న చోట మిగిలింది 10 మాత్రమే. బండి ఇంధనం, సంచులు, ఫోను ఖర్చు, పాడైనదానికి బదులుగా మళ్లీ ఇచ్చిన సరుకు, ఐదుగురి శ్రమ, అన్నీ ఆ 10లోనే సర్దుకోవాలి. నిజంగా 25 మిగలాలంటే, ఇదే తరుగు మీద, కొన్న ధరకు సుమారు 42 శాతం కలపవలసి వస్తుంది. అంత కలిపితే కొనేవారు నిలుస్తారా అన్నది వేరే ప్రశ్న, అందుకే ముందు తరుగును తగ్గించే మార్గం చూడాలి.

అన్ని రకాలకూ ఒకే శాతం కలపడం కూడా సరికాదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు వారాల తరబడి నిలుస్తాయి. వాటి మీద తక్కువ వేసుకున్నా నష్టం రాదు. ఆకుకూరలు, బాగా పండిన పండ్లు ఒక్క రోజులో విలువ పోగొట్టుకుంటాయి. వాటి తరుగు భారం వాటి ధరలోనే ఉండాలి. రెండు వారాల పాటు ప్రతి రకానికీ కొన్నది, అమ్మినది, పారవేసినది, ఇంట్లో వండుకున్నది అని నాలుగు గడులు గీసి రాయండి. నాలుగో గడిని చాలామంది మరిచిపోతారు. ఇంటికి వాడుకోవడంలో తప్పేమీ లేదు, కానీ అది ఇంటి ఖర్చు కిందికి రావాలి గాని వ్యాపారం నష్టం కిందికి కాదు. అలాగే ఐదుగురికీ కాగితం మీదైనా జీతం రాయండి. బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇవ్వవలసి వచ్చేదో అంత. ఆ జీతాలు తీసేశాక వ్యాపారం లోటు చూపిస్తే, ఇన్నాళ్లూ లాభం అనుకున్నది నిజానికి మీ ఇంటిల్లిపాదీ చేసిన శ్రమేనని తెలుస్తుంది. ఈ పుస్తకాన్ని మీరు రాసి మామగారికి చూపిస్తే తప్పు పట్టినట్టు ఉంటుంది. కొన్న తూకాలు ఆయనకే బాగా తెలుసు కాబట్టి మొదటి గడిని ఆయన చేతనే రాయించండి.

ప్రశ్న: నాన్నగారి దుకాణాన్ని నేను ఇంటింటికీ పంపే పద్ధతిలోకి మార్చాను. దుకాణంలో ఎప్పుడూ రాని ఫిర్యాదులు ఇప్పుడు రోజూ వస్తున్నాయి. టమాటాలు మెత్తబడ్డాయంటారు, అరటిపండ్లు పచ్చిగా ఉన్నాయంటారు, ఒకటి అడిగితే మరొకటి పంపారంటారు. సరుకు అదే, ధర అదే. జనం మరీ పట్టింపు మనుషులైపోయారా? (ఒక పాఠకుడు)

జవాబు: బాబూ, మనుషులు మారలేదు. మారింది ఏరే చెయ్యి. దుకాణానికి వచ్చినవారు కాయను చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, తిప్పి చూసి, నచ్చనిదాన్ని పక్కన పెట్టి, తమకు కావలసినదాన్నే తక్కెడలో వేయించుకుంటారు. ఇంటికి వెళ్లాక ఒకటి పుచ్చు తేలినా, ఏరుకున్నది తామే కాబట్టి సరిపెట్టుకుంటారు. మీరు ఇంటికి పంపడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ హక్కును వారు మీకు అప్పగించారు. వారు కళ్లతో చూడకుండానే డబ్బు ఇస్తున్నారు. ఆ నమ్మకానికి తగినట్టుగా, వారే ఎదురుగా నిలబడి చూస్తున్నట్టుగా మీరు ఏరాలి. నా దృష్టిలో ఈ వ్యాపారం అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. బండి, ఫోను, బిల్లు, అన్నీ దీని తరువాతే.

మేము మొదలుపెట్టిన కొత్తలో పెద్ద కాయలు పైన, చిన్నవి అడుగున వచ్చేలా సర్దేవాళ్లం. దుకాణంలో బుట్టను అందంగా పేర్చే అలవాటే అది, మోసం చేయాలన్న ఆలోచన మాకు లేదు. కానీ సంచిని వంటింట్లో కుమ్మరించినప్పుడు మొదట బయటపడేది మంచి కాయలు, అడుగున దొరికేది మన నిజాయితీ. ఒక వృద్ధురాలు ఫోను చేసి, ‘నాకు కళ్లు సరిగా కనిపించవు, అందుకే మీకు అప్పగించాను’ అని నెమ్మదిగా అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి మా ఇంట్లో సర్దే పద్ధతే మారిపోయింది.

ఇక చేయవలసిన పనులు చెబుతాను. ఆర్డరు తీసుకునేటప్పుడే ఎప్పుడు వాడతారో అడగండి. ఈ రోజే తినడానికి మాగిన అరటిపండు కావాలి, నాలుగు రోజులు ఉంచుకునేవారికి దోరగా ఉన్నది కావాలి. ఒకరికి పచ్చిగా అనిపించినది ఇంకొకరికి సరిగ్గా సరిపోయినట్టు ఉంటుంది. టమాటా కూడా అంతే. ప్రతి ఇంటి పేరు పక్కన వారి ఇష్టాన్ని ఒక ముక్క రాసి పెట్టుకుంటే, నెల రోజుల్లో సగం ఫిర్యాదులు వాటంతట అవే ఆగిపోతాయి. బరువైన దుంపలు, గుమ్మడి అడుగున, ఆకుకూరలు, మెత్తని పండ్లు పైన పెట్టండి. వీలైతే రెండు సంచులు చేయండి. గుమ్మడి, పుచ్చకాయ వంటి వాటికి సుమారు తూకం చెప్పి, సర్దిన తరువాత ఉన్న అసలు తూకానికే డబ్బు తీసుకోండి.

అడిగిన రకం దొరకనప్పుడు ఇంకొకటి మీరే నిర్ణయించి వేయకండి. సర్దే ముందే ఫోను చేసి అడగండి. అందుబాటులోకి రాకపోతే ఆ రకాన్ని వదిలేసి, దాని డబ్బు తగ్గించండి. లేని కూర కన్నా అడగని కూర ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. పాడైందని చెప్పినప్పుడు వాదించకండి, ఆ వస్తువు ధర తరువాతి బిల్లులో తగ్గించండి లేదా మరుసటి విడతలో కొత్తది ఇవ్వండి. అయితే అక్కడితో వదిలేయకూడదు. ఏ రకం, ఏ రోజు కొన్నది, ఎవరు సర్దారు అన్నది ఒక పుస్తకంలో రాయండి. నెలాఖరున చూస్తే ఫిర్యాదులు ఏ రకం చుట్టూ, ఏ రోజు చుట్టూ ముసురుకున్నాయో కనిపిస్తుంది. ఆ రకాన్ని కొనే చోటో, సర్దే పద్ధతో మార్చుకోవాలి.

ప్రశ్న: మా దగ్గర ఒకే ఒక చల్లని గది ఉంది. అన్నీ అందులోనే పెడుతున్నాము. అయినా ఆకుకూరలు వాడిపోతున్నాయి, అరటిపండ్ల తొక్క నల్లబడుతోంది. గది సరిగా పని చేయడం లేదేమో చెప్పగలరా? (అన్నదమ్ములు)

జవాబు: గదిలో లోపం ఉందో లేదో చూసుకోండి గాని, అన్నీ ఒకే చోట పెట్టడమే ఇక్కడ అసలు కారణమని నాకు అనిపిస్తోంది. కోసిన తరువాత కూడా కాయ, ఆకు ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెండు మూడు రెట్లవుతుంది కాబట్టి చల్లదనం మంచిదే. కానీ ప్రతి పంటకూ ఓర్చుకోగల చలి వేరు. ఆకుకూరలు, క్యారెట్లు, క్యాబేజీ సున్నా డిగ్రీలకు కాస్త పైన, తడి గాలిలో బాగా నిలుస్తాయి. అరటికి 13, 14 డిగ్రీలు తగినవి. అంతకన్నా చలి ఎక్కువైతే తొక్క నల్లబడుతుంది, పచ్చికాయ సరిగా పండదు. దోసకాయ 10 డిగ్రీల కన్నా కింద రోజుల తరబడి ఉంటే గుంటలు పడి నీరుకారుతుంది. టమాటా కూడా ఎక్కువ చలిలో రుచి కోల్పోతుంది. అందువల్ల ఒకే గది ఉంటే దాన్ని ఆకుకూరలకు, క్యారెట్ల వంటి వాటికి వదిలేసి, అరటి, టమాటా, మామిడి వంటి వాటిని గాలి ఆడే నీడ చోట ఉంచండి.

రెండో సంగతి మాగే పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు. ఆపిల్, మాగిన అరటి, మామిడి, బొప్పాయి దీన్ని బాగా విడుదల చేస్తాయి. దాని పక్కన ఉన్న ఆకుకూరలు పసుపు రంగుకు తిరుగుతాయి, దోసకాయలు త్వరగా పండిపోతాయి, క్యారెట్లకు చేదు వస్తుంది. తలుపులు మూసిన బండిలో కొన్ని గంటలు కలిసి ప్రయాణం చేసినా కొంత ప్రభావం ఉంటుంది కాబట్టి పండ్ల ట్రేలను వేరుగా పేర్చండి. ద్రాక్ష, నారింజ, దానిమ్మ కోసిన తరువాత మాగవు. పుల్లగా ఉన్నవాటిని కొని ఉంచితే తియ్యబడతాయన్న ఆశతో ఎప్పుడూ నిల్వ చేయకండి.

ఉల్లిపాయలకు పొడి గాలి, బంగాళాదుంపలకు చీకటి కావాలి. వెలుతురు తగిలిన దుంప పచ్చబడి చేదెక్కుతుంది, ఆ పచ్చదనంతో పాటు సొలనిన్ అనే విషపదార్థం కూడా పెరుగుతుంది కాబట్టి అలాంటి దుంపను ఎవరికీ పంపకూడదు. ఈ రెంటినీ కలిపి నిల్వ చేయకండి. కడిగిన కూరను తడి ఆరకుండా ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం కుళ్లు తొందరగా రావడానికి దారి తీస్తుంది. చిల్లులున్న సంచి వాడండి, లేదా కడగకుండానే పంపి ఆ మాట చెప్పండి. ఎండలో వచ్చిన ఆకుకూరలను వెంటనే నీడలోకి చేర్చి తడి గుడ్డ కప్పడానికి ఖర్చేమీ కాదు. ఎండలో ఉన్న అరగంటలో పోయిన తాజాదనాన్ని తరువాత ఏ చల్లని గదీ తిరిగి తీసుకురాలేదు.

ప్రశ్న: కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్లు తక్కువ ధరకు, చూడడానికి చక్కగా దొరుకుతున్నాయి. అందరూ కొంటున్నారు. మేము కొనకపోతే వెనకబడిపోతామా? (ఒక పాఠకుడు)

జవాబు: కొనకండి. కాల్షియం కార్బైడ్ తడి తగిలి ఎసిటిలీన్ వాయువును ఇస్తుంది. వాణిజ్య కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండే అవకాశం ఉంది. అందుకే చాలా దేశాలు పండ్లకు దాన్ని వాడడం నిషేధించాయి. తొక్కకు రంగు వచ్చినా లోపల పచ్చిదనం, చప్పదనం మిగిలిపోవడం కూడా తరచుగా జరిగేదే. మాగబెట్టడానికి నియంత్రిత పరిమాణంలో ఇథిలీన్ వాడే గదులు ఉన్నాయి, పండు తనంతట తాను తయారు చేసుకునే వాయువే అది. అమ్మేవారిని ఎలా మాగబెట్టారో అడిగి, తేల్చి చెప్పలేనివారి దగ్గర కొనడం మానండి.

ప్రశ్న: ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు పంపుతున్నాము. ఒక్కోసారి ఒక్క కొత్తిమీర కట్ట కోసం బండి తీయవలసి వస్తోంది. కాదంటే పోతారేమోనన్న భయం. (భార్యాభర్తలు)

జవాబు: ఆ భయం వల్లనే బండి లాభాన్ని మింగేస్తోంది. ఒక రోజులో 40 ఇళ్లకు వెళ్తూ, ఇంటికీ ఇంటికీ మధ్య 10 నిమిషాలు పడితే 400 నిమిషాలు, అంటే 6 గంటల 40 నిమిషాలు రోడ్డు మీదే గడుస్తాయి. అవే 40 ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండి 6 నిమిషాలు పడితే 4 గంటల్లో పని ముగుస్తుంది. కాబట్టి ప్రాంతాలను విడదీసి, ఒక్కో ప్రాంతానికి వారంలో రెండు రోజులు కేటాయించండి. ముందు రోజు సాయంత్రం ఒక గడువు పెట్టి, ఆ తరువాత వచ్చిన ఆర్డర్లు తరువాతి విడతకు వెళ్తాయని మర్యాదగా చెప్పండి. దీనివల్ల ఇంకో మేలు ఉంది. తెల్లవారుజామున కొనడానికి వెళ్లేటప్పుడు ఎంత కావాలో లెక్క చేతిలో ఉంటుంది, గిరాకీని ఊహించి కొనవలసిన పని ఉండదు. తరుగును తగ్గించడానికి నాకు తెలిసిన అన్ని ఉపాయాల్లోనూ ఇదే గట్టిది.

వారం వారం ఒకే ధరకు కలగలుపు బుట్ట పంపే పద్ధతిని కూడా ఆలోచించండి. జపాన్‌లో 1970లలో ‘తేయ్‌కేయ్’ పేరుతో రైతులు, ఇళ్లవారు నేరుగా ఒప్పందం చేసుకుని, ఆ వారం పొలంలో పండినదాన్ని పంచుకునే పద్ధతి పెరిగింది. ఇప్పుడు పలు దేశాల్లో నడుస్తున్న వారపు బుట్టల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. బుట్ట ఎంత ఉండాలన్నది మీకు తెలియకపోతే ఒక ఆధారం చెబుతాను. పెద్దవారు రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బంగాళాదుంప వంటి పిండి దుంపలు అందులో లెక్కకు రావు. నలుగురు పెద్దవారున్న ఇంటికి వారానికి 11.2 కిలోలు, రెండు విడతల్లో అయితే ఒక్కోసారి 5.6 కిలోలు, తొక్క, కాడలు పోను. ఇంత తినే ఇళ్లు తక్కువ కనుక మీరు చిన్న బుట్టతోనే మొదలుపెట్టి, మిగలకుండా వాడుకున్నవారిని అడిగి పెంచండి. వారు పారవేసుకునేంత పంపితే రెండు నెలల్లో మానేస్తారు. బుట్టలో ఏముంటుందో ముందు రోజే చెప్పి, తినని ఒకటి రెండు రకాలను మార్చుకునే వీలు ఇవ్వండి.

ప్రశ్న: అన్నయ్య ఫోను, లెక్కలు చూస్తారు. నేను రోజంతా బండి నడిపి బస్తాలు మోస్తాను. వచ్చిన డబ్బు సమానంగా పంచుకుంటాము. ఆయన నీడ పట్టున కూర్చుంటారన్న మాట నా నోటి దాకా వస్తోంది. అనలేక, అణచుకోలేక ఉన్నాను. (ఒక తమ్ముడు)

జవాబు: మీరు దాన్ని కోపంలో అనకముందే రాసి అడగడం మంచి పని. వ్యాపారంలో పెట్టుబడికి వాటా, పనికి జీతం అని రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి. మీ ఇంట్లో ఆ రెండూ కలిసిపోయాయి. ఎవరి పనికి ఎంత జీతమో ముందు తేల్చి, అది ఇచ్చేశాక మిగిలినదాన్ని సమానంగా పంచుకోండి. జీతం తేల్చే ముందు ఒక వారం పనులు మార్చుకోండి. మీరు ఫోను దగ్గర కూర్చుని ఫిర్యాదులు వినండి, అన్నగారు బండి నడపనివ్వండి. మా ఇంట్లో మా పెద్దన్నయ్య, నేను అలా మార్చుకున్నాము. నాలుగో రోజుకే ఒకరి పని ఒకరికి అర్థమైంది, ఆ తరువాత జీతం గురించి మాట్లాడుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

బస్తాల బరువు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. 20 కిలోలకు మించని ట్రేలు వాడండి, చక్రాల బండి కొనండి. నడుము పోతే ఇంటి మొత్తానికి పని ఆగుతుంది. వారంలో ఒక పూట అందరూ కూర్చుని లెక్కలు చూసుకోవడం, ఒక రోజు పూర్తిగా సెలవు తీసుకోవడం నియమంగా పెట్టుకోండి. బడికి వెళ్లే పిల్లల చేత తెల్లవారుజామున సరుకు ఏరించవద్దని ఈ సందర్భంలోనే కోరుతున్నాను. సెలవుల్లో సరదాగా చేయి వేయడం వేరు, వారి నిద్ర మీద ఇంటి వ్యాపారం నడవడం వేరు.

ప్రశ్న: కనీస ఆర్డరు నియమం పెట్టాము. కానీ ఒక వృద్ధ దంపతులు చాలా కొద్దిగా కొంటారు. వారికి వేరే మార్గం లేదు. నియమం అందరికీ ఒకటే కావాలి కదా అని మావారు అంటున్నారు. (ఒక పాఠకురాలు)

జవాబు: మీవారి మాటను కాదనలేను, కానీ నియమం బండిని ఖాళీగా తిప్పకుండా ఉండడానికి పెట్టుకున్నది. ఆ దంపతుల ఇల్లు మీరు వెళ్లే దారిలోనే ఉంటే, వారి ఆర్డరు వల్ల పెరిగే ఖర్చు ఆగిన ఆ రెండు నిమిషాలే. వారి ప్రాంతానికి వెళ్లే రోజున మాత్రమే పంపుతామని చెప్పి, ఆ రోజు ఉదయం మీరే ఫోను చేసి ఏం కావాలో అడిగి రాసుకోండి. పక్కింటివారు కూడా మీ దగ్గర కొంటుంటే, ఇద్దరి ఆర్డర్లనూ కలిపి ఒక లెక్కగా చూడవచ్చు. దారికి దూరంగా ఉంటే, వారానికి రెండుసార్లకు బదులు ఒకసారి, త్వరగా వాడిపోని రకాలతో పంపండి. ఆకుకూర కావాలంటే ఆ ఒక్క రోజుకు సరిపోయేంత చిన్న కట్టే వేయండి. వారి సంచిని మెట్ల దగ్గర వదిలి రాకుండా, వంటింటి గట్టు మీద పెట్టి రమ్మని బండి మీద వెళ్లేవారికి చెప్పండి.